పచ్చని చెట్టు పొదుపు

అక్కలూ, చెల్లెళ్ళూ, వదినలూ! ఒక్క ప్రశ్న అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. మామిడిచెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుంది?

చెప్పలేరు. ఎందుకంటే దానికి ఫలానా నెల అంటూ లేదు. అదే వేపనడిగితే టక్కున చెప్పేస్తారు. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి వాకిలంతా పండుటాకులే, ఎన్నిసార్లు ఊడ్చినా తరగవు. మామిడి అలా కాదు. ఇవాళ నాలుగు, రేపు పది, ఏడాది పొడుగునా చీపురుకు పని చెబుతూనే ఉంటుంది. అయినా తలెత్తి చూస్తే చెట్టు నిండుగా, పచ్చగా ఉంటుంది. పిల్లల సైన్సు పుస్తకాల్లో సతతహరితం అని రాసేది ఇలాంటి చెట్లనే. ఆకు రాల్చని చెట్టేదీ లోకంలో లేదు. ఇవి అన్నీ ఒక్కసారిగా రాల్చవు, అంతే. పాత ఆకు రాలేలోపు కొత్త ఆకు అందివస్తుంది. ఈ సంగతి పుస్తకం చదివినవాళ్ళకన్నా పొద్దున్నే వాకిలి ఊడ్చేవాళ్ళకే బాగా తెలుసు.

ఇవాళ్టి ముచ్చట ఈ చెట్ల గురించే. మన గంపలగూడెం, తిరువూరు వైపు మే నెల ఎండ సంగతి వేరే చెప్పాలా? 44, 45 డిగ్రీలు. వానంటారా, ఏడాదిలో పడేదాంట్లో చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు చెట్టు బతకాల్సింది నేలలో మిగిలిన తడితోనే. అలాంటప్పుడు కొన్ని చెట్లు పచ్చగా ఎలా నిలబడుతున్నాయి? అది తెలుసుకుంటే మన దొడ్లో ఏది పెట్టాలో, ఏది వద్దో మనకే తెలిసిపోతుంది.

గంపలగూడెం నుంచి నెమలి వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్ళేటప్పుడో, తిరువూరు సంతకు వెళ్ళేటప్పుడో, ఎండలు ముదిరాక దారిలో చెట్లను కాస్త పరకాయించి చూడండి. టేకు, మోదుగ లాంటివి ఆకులన్నీ దులిపేసుకుని మోడుల్లా నిలబడి ఉంటాయి. మోదుగైతే ఆకు లేకుండానే ఎర్రగా పూసేస్తుంది. మామిడి, చింత, నేరేడు, మర్రి మాత్రం పచ్చగా నీడనిస్తూనే ఉంటాయి. ఎండాకాలం గడపడంలో మన ఇళ్ళలోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి కదా! ఒకావిడ ఇంటికి తాళం వేసి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోతుంది, ఇంకొకావిడ ఇంట్లోనే ఉండి ఉన్నంతలో సర్దుకుంటూ సంసారం నడుపుతుంది. టేకుది మొదటి దారి, మామిడిది రెండోది. ఇందులో ఒకటి మంచిదీ, ఇంకొకటి చెడ్డదీ అని లేదు. కాకపోతే ఇంట్లో ఉండి నడిపేవాళ్ళకు పొదుపు తెలిసుండాలి.

చెట్టుకు నీటి ఖర్చంతా ఆకు దగ్గరే. ఆకు అడుగున కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి గాలి లోపలికి పోతుంది, దానితోనే ఆకు ఆహారం తయారుచేసుకుంటుంది. గాలి కోసం తలుపు తెరిచినప్పుడల్లా లోపలి తడి ఆవిరైపోతుంది. తెరవకపోతే ఆకలి, తెరిస్తే దాహం. ప్రపంచంలో ఏ మూల పచ్చని చెట్టును చూసినా, అది ఈ చిక్కును ఎలా విప్పుకుందన్నదే దాని కథ.

మామిడి విప్పుకున్న తీరు చూడండి. ఆకు దళసరి, పైన మైనం పూత. నడిమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఆ రంధ్రాలను మూసేసుకుని, పొద్దుటిపూట చల్లదనంలోనే చాలా పని కానిచ్చేస్తుంది. తల్లివేరు 6 మీటర్ల దాకా కూడా దిగగలదు. పండక్కి గుమ్మానికి కట్టిన మామిడి తోరణం రోజులు గడిచినా ముడుచుకుపోకుండా నిలబడేది ఆ దళసరితనం వల్లే. అదే కొమ్మకు వేసిన లేత చిగురుతో తోరణం కట్టి చూడండి, గంటలో వేలాడిపోతుంది. లేతాకుకు ఇంకా మైనమూ లేదు, బిగువూ లేదు. అందుకే చెట్టు దానికి రాగిరంగు చొక్కా తొడుగుతుంది. ఆ ఎర్రరంగు లేతాకును ఎండ దెబ్బ నుంచి కాస్తుంది, ముదిరేకొద్దీ పచ్చరంగు కమ్ముకొస్తుంది.

మామిడి గురించి మన రైతులకు ఇంకో మాట కూడా తెలుసు. పూతకు ముందు చెట్టుకు నీళ్ళు కట్టకూడదంటారు. వానలు వెనకబట్టాక చలికాలంలో కాస్త బెట్ట పడితేనే పూత బాగా దిగుతుంది. ఏడాదంతా వాన పడే చోట మామిడి ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది గానీ మనసు పెట్టి పూయదు. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు చుట్టుపక్కల రసాలకూ బంగినపల్లికీ పేరొచ్చిందంటే మన నేలతోపాటు మన చలికాలపు పొడి కూడా అందుకు కారణం. మనం తిట్టుకునే బెట్టే మన పండుకు తీపి.

ఇక వేప. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది దీన్నే. మామిడిలాగా ఎప్పుడూ ఒకేలా ఉండే పట్టుదల వేపకు లేదు. తడి ఉన్నచోట పెరిగిన వేప దాదాపు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. బెట్ట నేల మీద ఉన్నదైతే మొత్తం ఆకు దులిపేసి, ఉగాదికల్లా కొత్త చిగురూ పూతా తెచ్చుకుంటుంది. చెట్టు ఒకటే, చోటును బట్టి నడత మార్చుకుంటుంది. ఆకును చిన్నచిన్న రెమ్మలుగా చీల్చుకోవడం కూడా ఎండను తట్టుకునే ఉపాయమే. చిన్న ఆకుకు గాలి బాగా తగిలి తొందరగా చల్లబడుతుంది. చింతాకు ఇంకా చిన్నది, ఊడ్చేవాళ్ళ ప్రాణం తీస్తుంది గానీ దాని నీడలో ఉన్న హాయి అందరికీ తెలిసిందే.

2021లో వేపచెట్లు కొమ్మల కొసల నుంచి ఎండిపోతూ వచ్చాయి, గుర్తుందా? తెలంగాణలోనూ మన వైపునా ఊరూరా అదే మాట. కొందరు భయపడి చెట్లు కొట్టించేశారు కూడా. అది ఫోమోప్సిస్ అనే శిలీంద్రం తెచ్చిన తెగులు, దానికి టీ దోమ అనే పురుగు తోడైంది. ఓపిక పట్టినచోట చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. ఆకు పోయినంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు పెరట్లో, రోడ్డు మీద కనిపించేవాటిని చూద్దాం. గన్నేరును ఎవరూ పట్టించుకోరు, అయినా రోడ్డు మధ్య డివైడర్ల మీద మండుటెండలో పూస్తూనే ఉంటుంది. దాని ఉపాయం ఆకు అడుగున ఉంది. చాలా చెట్లకు రంధ్రాలు పైపైన ఉంటే, గన్నేరుకు చిన్న గుంటల్లో దాగి ఉంటాయి, ఆ గుంటల నిండా సన్నని నూగు. వేడిగాలి నేరుగా తగలదు కాబట్టి లోపలి తడి అంత త్వరగా పోదు. అన్నట్టు, గన్నేరులో ఆకూ పువ్వూ కొమ్మా అంతా విషమే, పసిపిల్లలూ పశువులూ తిరిగేచోట పెట్టకండి.

కలబంద, బ్రహ్మజెముడు ఇంకా గడుసువి. పగలంతా తలుపులు మూసే ఉంచుతాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కావలసిన గాలి లోపల దాచుకుని, తెల్లారాక ఎండలో తలుపు వేసుకుని వంట చేసుకుంటాయి. పది రోజులు నీళ్ళు పోయడం మరిచిపోయినా మేడమీద కలబంద మిమ్మల్ని ఒక్క మాటా అనదు. మరీ గారాబంగా రోజూ పోస్తే మాత్రం కుళ్ళిపోతుంది.

మన మెట్ట చేలల్లో కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. దాని కింద నిలబడ్డవాళ్ళకు నీడ ఎందుకు దొరకదో చెబుతాను. ముదిరిన జామాయిల్ ఆకులు కిందికి వేలాడుతూ, అంచు ఎండవైపు పెట్టుకుని ఉంటాయి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎండ ఆకు మీద పడకుండా పక్కనుంచి జారిపోయి నేల మీద పడుతుంది. చెట్టుకు చల్లన, మనకు వేడి!

నీళ్ళు లేని చోట ఇదంతా సరే, నీళ్ళల్లో నిలబడి కూడా దాహంతో ఉండే చెట్లున్నాయంటే నమ్ముతారా? జిల్లాలు విడిపోక ముందు మనదంతా ఒకే కృష్ణా జిల్లా. పై కొసన ఖమ్మం సరిహద్దును ఆనుకుని మన గంపలగూడెం, కింది కొసన సముద్రం ఒడ్డున నాగాయలంక. 2022 ఏప్రిల్‌లో మనం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం, వాళ్ళు కృష్ణాలోనే ఉండిపోయారు. ఆ కొసన కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి ఇంకా పెద్దది, 1978లోనే అభయారణ్యంగా ప్రకటించారు. మడచెట్టు చుట్టూ నీళ్ళే, కానీ ఉప్పునీళ్ళు. తాగితే ముప్పు, తాగకపోతే చావు. అందుకే కొన్ని మడచెట్లు వేరు దగ్గరే ఉప్పును చాలావరకు అడ్డుకుంటాయి, కొన్ని లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తాయి. ఆకును వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి వేర్లు పైకి మేకుల్లా పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. మామిడి, మడ ఆకులు రెండూ దళసరే, రెండూ పొదుపే. ఒక్క జిల్లా పొడవునా ఇన్ని తీర్లు!

నెల్లూరు దాటి శ్రీహరికోట వెళ్తే ఇంకో వింత. అక్కడ పెద్దవాన అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనంతో వస్తుంది, ఎండాకాలం చాలా పొడుగు. అయినా అడవి పచ్చగానే ఉంటుంది. చెట్లు మరీ ఎత్తు పెరగవు, ఆకులు చిన్నవి, దళసరివి. పొడినేలలో పెరిగే ఇలాంటి పచ్చని అడవి కోరమాండల్ తీరంలో ఒకప్పుడు చాలాచోట్ల ఉండేది, ఇప్పుడు ముక్కలుగా మిగిలింది. శ్రీహరికోటలో మొదటి రాకెట్ 1971లో ఎగిరింది. అంతరిక్ష కేంద్రం కాపలా వల్ల జనసంచారం తగ్గి, ఆ అడవి బాగానే నిలిచింది. ఇక వాన ఎక్కువగా పడే చోట చిక్కు తిరగబడుతుంది, ఆకు మీద నీళ్ళు నిలిస్తే పాచి, తెగుళ్ళు. అందుకని అక్కడి చాలా చెట్ల ఆకులకు నీరు జారిపోయేలా కొస సన్నగా సాగి ఉంటుంది. రావి ఆకు కొస చూడండి, తెలిసిపోతుంది.

మనవాళ్ళు అమెరికాలో, కెనడాలో చాలామంది ఉన్నారు కదా. అక్కడ మంచు కురిసినప్పుడు ఫోటోలు పంపిస్తారు. చుట్టూ చెట్లన్నీ మోడులు, మధ్యలో పైన్, స్ప్రూస్ చెట్లు పచ్చగా. మంచు దేశంలో చెట్టుకు చలి ఒక్కటే కష్టమని మనం అనుకుంటాం. కానీ నేలలో నీళ్ళు గడ్డకట్టిపోతే వేరుకు చుక్క కూడా అందదు. అంటే అదీ కరువే! అందుకే పైన్ ఆకు సూదిలా సన్నబడింది, మైనం పూసుకుంది, రంధ్రాలను లోపలికి దాచుకుంది. మన గన్నేరు చేసిన పనే అది. చలికాలం ముందు ఆకులో చక్కెరలు పెంచుకుని లోపలి నీరు గడ్డకట్టకుండా చూసుకుంటుంది. అక్కడ ఎండాకాలం మూన్నాళ్ళ ముచ్చట. కొత్త ఆకులు వేసుకునేందుకు టైము వృథా చేయకుండా, ఎండ తగిలిన మొదటి రోజు నుంచే పని మొదలుపెట్టాలంటే ఆకు సిద్ధంగా ఉండాలి. కాలిఫోర్నియా కొండల మీద బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టు ఆకులు 30 ఏళ్ళకు పైగా రాలకుండా ఉంటాయట! సైబీరియాలో మరీ మైనస్ యాభైలకు పడిపోయే చోట లార్చ్ అనే చెట్టు మాత్రం, పైన్‌కు చుట్టమే అయినా, సూదులన్నీ రాల్చేసి బతుకుతుంది. ఎంత పొదుపు తెలిసినా, తాళం వేసి వెళ్ళిపోక తప్పని రోజులుంటాయి.

ఆ దేశాల్లోని మన ఆడపడుచులకు ఒక మాట. మీరు కుండీలో పెంచుకునే కరివేపాకు చలికాలం ఇంట్లోకి తేగానే ఆకులు రాల్చేస్తుందని కంగారు పడతారు. చచ్చిపోయిందనుకుని నీళ్ళు ఎక్కువ పోస్తారు, అప్పుడు నిజంగానే చచ్చిపోతుంది. బయట ఎండలో తయారైన ఆకు కిటికీ పక్క మసక వెలుతురులో దండగ ఖర్చు, అందుకే చెట్టు దాన్ని వదిలించుకుంటోంది. మట్టి ఆరాకే నీళ్ళు పోయండి, వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టండి, వసంతం రాగానే చిగురేస్తుంది. ఇక్కడి అమ్మలకూ ఒక మాట. ఎంత ప్రేమ ఉన్నా సూటుకేసులో పచ్చి కరివేపాకు పెట్టి పంపకండి. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానిదే. దాని మీద ఉండే ఓ చిన్న పురుగు నిమ్మజాతి తోటలకు గ్రీనింగ్ తెగులును అంటిస్తుంది. ఫ్లోరిడాలో 2005లో బయటపడ్డ ఆ తెగులు అక్కడి నారింజ తోటల్ని దెబ్బతీసింది. అందుకే అమెరికాలోకి పచ్చి కరివేపాకు రానివ్వరు.

కుండీలో కరివేపాకు చేసిన పనే కడియం నర్సరీ మొక్క మన వాకిట్లో చేస్తుంది. గోదావరి పక్కన తేమ గాలిలో, నీడవలల కింద పెరిగిన మొక్క అది. ఆకు పల్చన, మైనం తక్కువ. వ్యానులో మనూరు వచ్చి, మీరు సరదా పడి కొని, ఏప్రిల్‌లో ఎండలో పెడితే ఏం చేస్తుంది? నీడ కోసం తయారైన ఆకు మన ఎండకు మారలేదు, మాడి రాలిపోతుంది. వేరుకు సత్తువ ఉంటే ఎండకు తగ్గ దళసరి ఆకు వేసుకుంటుంది, లేకపోతే పోతుంది. మొక్క తెచ్చాక రెండు మూడు వారాలు చెట్టునీడలో పెట్టి, పొద్దుటి ఎండ మాత్రం తగిలేలా మెల్లమెల్లగా అలవాటు చేయండి. తొలకరి వానలు పడ్డాకే నేలలో నాటండి. మొదటి రెండు వేసవులు రోజూ చెంబెడు పోసే బదులు, వారానికి ఒకట్రెండుసార్లు నేల లోతుగా తడిసేలా పోయండి. పైపైన తడి చూపిస్తే వేరు పైనే తిరుగుతుంది, లోతుకు తడి పంపితే వేరు లోతుకు దిగుతుంది. ఊడ్చిన ఆకులు తగలబెట్టకుండా మొక్క మొదలు చుట్టూ పరిస్తే నేల చల్లగా ఉంటుంది, కుళ్ళి ఎరువూ అవుతుంది.

పచ్చగా ఉంది కదా అని ఏదిపడితే అది నాటితే ఏమవుతుందో కూడా చూశాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను నేలకూల్చాక, త్వరగా పెరిగి పచ్చగా ఉంటుందని ఏడాకులపాలను విరివిగా నాటారు. చలికాలం సాయంత్రాల్లో దాని పూత ఘాటుకు ఆయాసం ఉన్నవాళ్ళు ఉక్కిరిబిక్కిరి అయ్యారు. సోమాలియా, యెమెన్ తీరాల నుంచి వచ్చిన కోనోకార్పస్‌ది కూడా అదే కథ. ఎండకు జంకదు, ఆకు రాల్చదు, డివైడర్లకు అందమిస్తుందని ఊళ్ళు నింపేశారు. పుప్పొడి వల్ల అలర్జీలని, వేర్లు పైపులను పాడుచేస్తున్నాయని గోల మొదలయ్యాక తెలంగాణ 2022లో ఇక నాటొద్దంది, మరుసటి ఏడాది గుజరాత్ కూడా ఆపేసింది. చెట్టుది తప్పు కాదు, దాన్ని తెచ్చి పెట్టిన చోటుది.

కాబట్టి మొక్క కొనేటప్పుడు పువ్వు రంగు చూసి మురిసిపోకముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ నేల మొక్క? మే నెలలో ఎలా ఉంటుంది? పెద్దదైతే ఎంత చోటు కావాలి? ఇల్లు చిన్నదై గుమ్మం పక్కన జానెడు చోటే ఉంటే నందివర్ధనం చాలు. ఇంకాస్త ఉంటే పొగడ, దట్టమైన నీడా, వాడినా పోని పరిమళం. దొడ్డి ఉంటే నేరేడు, మామిడి. మర్రి, రావి ఇంటి గోడల దగ్గర మాత్రం వద్దు.

ఈ తొలకరికి ఒకే ఒక్క చెట్టుకు చోటుంటే నా మాట విని కానుగ పెట్టుకోండి. ఎండలు ముదరకముందే కొన్నాళ్ళు ఆకు దులిపి, మే నెలకల్లా మెరిసే కొత్త ఆకుతో నిండిపోతుంది. చిక్కుడు కుటుంబానిది కాబట్టి వేరు బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తుంది, రొట్ట మడికి ఎరువు, పుల్ల పళ్ళకు. కొనేదేమీ లేదు, విత్తనం ఊళ్ళోనే దొరుకుతుంది. మన ఎండకు మన ఊరి చెట్టే సరైన జవాబు.